తాతల నాటి రాతి ఇల్లు: విప్పాలా, సిమెంటు పూయాలా, సున్నంతో నిలబెట్టాలా?

గజపతినగరానికి దగ్గర్లో మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక రాతి ఇల్లు ఉంది. రెండడుగుల మందం గోడలు, ముందు వీధి అరుగు, లోపల చిన్న మండువా, పైన బెంగుళూరు పెంకు. అమ్మమ్మ పోయాక తాళం పడింది. మూడేళ్ళ కిందట సంక్రాంతికి అందరం కలిసినప్పుడు దాని సంగతి తేల్చుకుందామని కూర్చున్నాం. పెద్దమావయ్య విప్పేసి స్లాబు వేద్దామన్నారు. చిన్నమావయ్య, "ఎందుకు విప్పడం? సిమెంటు పూసి రంగేస్తే కొత్తిల్లులా ఉంటుంది" అన్నారు. మా అమ్మ మాత్రం, "ఉన్నది ఉన్నట్టు బాగుచేయించండి" అని ఒక్క మాట చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎవరి మాటా కొట్టిపారేయడానికి లేదు. అందుకే ఆ తర్వాత ఏడాదంతా నేను తాపీ మేస్త్రులతో, వడ్రంగులతో, ఇలాంటి ఇళ్ళు బాగుచేయించుకున్నవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి ఇల్లు చేతిలో ఉండి ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి, లేదా బాగుచేసిన పాత ఇల్లు కొందామనుకుంటున్నవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు విలువ ఎక్కడుందో చూసుకోండి

పాతది కాబట్టి విలువ అనుకుంటాం. ఒక్క వయసే విలువైతే పాడుబడ్డ ప్రతి గోడా గొప్పదే కావాలి. ఆస్ట్రేలియాలో బుర్రా అనే ఊళ్ళో 1979లో ఆమోదించిన బుర్రా ఒడంబడికని పాత కట్టడాల పని చేసేవాళ్ళు చాలా దేశాల్లో ఆదర్శంగా తీసుకుంటారు. అందం, చరిత్ర, కట్టిన తీరు నేర్పే విజ్ఞానం, మనుషులకి ఆ చోటుతో ఉన్న అనుబంధం, వీటన్నిటినీ కలిపి విలువ కట్టాలంటుంది అది. ఇంకో మాట కూడా అంటుంది: అవసరమైనంత చెయ్యి, కానీ వీలైనంత తక్కువ చెయ్యి. ఆ రెండో మాటే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

మా ఇంటికి దీన్ని అన్వయించి చూస్తే కొన్ని సంగతులు బయటపడ్డాయి. గోడ రాళ్ళ మీద ఉలి దెబ్బలు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. ఆ రాయి ఎక్కడో దూరాన్నుంచి తెచ్చింది కాదు, మన తూర్పు కనుమల ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరొచ్చింది. కోణార్క్ గుడి కూడా ఎక్కువ భాగం ఇదే రకం రాయి. ఇల్లు చుట్టూ గదులు, మధ్యలో ఆకాశం కనిపించే మండువా. ఈ అమరిక వల్లే మే నెల మధ్యాహ్నం కూడా నట్టింట్లో పడుకోగలిగేవాళ్ళం. ఇక ద్వారబంధం పక్కన దీపపు గూడు. దాని పైరాయి నూనె మసితో నల్లగా, వేలు పెడితే జారేంత నున్నగా ఉంటుంది. పనివాళ్ళు దానికి సున్నం కొట్టబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. తొంభై ఏళ్ళో వందేళ్ళో రోజూ సాయంత్రం ఎవరో ఒకరు అక్కడ దీపం పెడితేనే ఆ మసి పట్టింది. అది పోతే మళ్ళీ తేవడం ఎవరి వల్లా కాదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటివేమున్నాయో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ దారి ఎంచుకుంటే వీటిలో ఎన్ని మిగులుతాయన్నదే నా లెక్కలో అసలైన పోలిక. డబ్బు, టైము ఆ తర్వాత చూడాలి.

సిమెంటు పూత: చవక, కానీ ఎందుకొద్దంటున్నానంటే

అందరూ మొదట ఎంచుకునేది ఇదే. మేమూ ఒకసారి ఎంచుకున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా పెంకు సగం ఎగిరిపోయింది, గోడలు వారం రోజులు నానాయి. తర్వాత ఒక కాంట్రాక్టరు వచ్చి నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు లోపలా బయటా సిమెంటు పట్టీ వేస్తే చెమ్మ ఆగుతుందన్నాడు. వేయించాం. ఏడాది పాటు బాగానే కనిపించింది. మెల్లగా చెమ్మ మరక పట్టీ దాటి నాలుగడుగుల ఎత్తుకి ఎక్కింది. ఇంకో రెండేళ్ళకి పెచ్చులూడడం మొదలైంది.

మొన్న ఆ పట్టీ తీయించినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. కిటికీ కింద మేస్త్రి ఉలితో తట్టగానే చెయ్యెడల్పు సిమెంటు పలక ఊడి కింద పడింది. దాని వెనక రాయి తెల్లగా ఉప్పురిసిపోయి ఉంది. వేలితో రాస్తే తడి శనగపిండిలా రాలింది. అరచేతిలో పడ్డ పొడిలో ఎర్రటి గార్నెట్ గింజలు మెరిశాయి, ఆవగింజలంత ఉన్నాయి. ఆ గింజల్ని పట్టి ఉంచే రాయే మట్టయిపోయింది మరి. అదే గోడ మీద సిమెంటు తగలని పై భాగంలో రాయి ఇప్పటికీ ఉక్కులా ఉంది.

మేస్త్రి మాటల్లోనే కారణం చెప్తాను. "గోడకి చెమట పట్టదేటి బాబూ? ఆ చెమట బయటికి రావాల. సిమెంటు కొట్టేస్తే ఎక్కడికెల్తాది? రాయిలోకే ఎల్తాది." నిజమే. పాత గోడలకి అడుగున తేమ ఆపే పొర ఉండదు. నేలలో నీరు రాళ్ళ మధ్య సందుల్లోంచి పైకి పాకుతుంది. సున్నపు పూత అయితే ఆ తేమ దానిలోంచి గాలిలోకి పోతుంది. సిమెంటు దాన్ని దాదాపు బిగించేస్తుంది. నీటితో వచ్చిన ఉప్పు రాయి లోపలే గడ్డకట్టి, ఉబ్బి, రాయిని పొడి చేస్తుంది. పైగా సిమెంటు రాయికన్నా బిరుసు. ఎండకి గోడ కాస్త సాగినా, చలికి కాస్త ముడుచుకున్నా సున్నమైతే తాను పగిలి రాయిని కాపాడుతుంది. సిమెంటు పగలదు, రాయిని పగలగొడుతుంది. పైన వేసే ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులతోనూ ఇదే గొడవ.

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. కొత్తగా కట్టే బాత్రూములో, నీళ్ళ తొట్టిలో, విడిగా కట్టే గదుల్లో సిమెంటుని మించింది లేదు. నా పేచీ అంతా పాత రాతి గోడ మీద దాన్ని పులమడంతోనే.

పాత గోడల మీద స్లాబు

దీని గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఐదంగుళాల స్లాబు చదరపు అడుగుకి సుమారు 29 కిలోలు తూగుతుంది. వాసాలూ బద్దీలతో కలిపి బెంగుళూరు పెంకు కప్పు అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మన రాతి గోడ చూడ్డానికి ఒకటే గోడ, నిజానికి బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్న రాళ్ళూ మట్టీ. రెండు వరసల్నీ కలిపి పట్టుకునే బంధపు రాళ్ళు అక్కడక్కడే ఉంటాయి. దాని నెత్తిన నాలుగింతల బరువు పెడితే గోడ కడుపు ఉబ్బుతుంది. కళింగపట్నం, భోగాపురం లాంటి తీరం ఊళ్ళయితే ఉప్పుగాలికి స్లాబులో ఊచలు తుప్పు పట్టే భయం కూడా తోడవుతుంది. పాత గోడలు ఉంచి పైన స్లాబు వేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. స్లాబే కావాలనుకుంటే దానికి వేరే పిల్లర్లతో వేరే కట్టడం కట్టుకోండి.

సున్నంతో బాగుచేయించడం: ఓపిక ఉన్నవాళ్ళకి

అమ్మ చెప్పిన దారి ఇది. మంచిది ఇదే, కష్టమైందీ ఇదే.

ముందు మనిషి దొరకాలి. సిమెంటు మేస్త్రులు వీధికి నలుగురుంటారు, సున్నం పని తెలిసినవాళ్ళు తక్కువ. గుళ్ళ మరమ్మతు పనులకి వెళ్ళొచ్చిన మేస్త్రుల్ని అడగండి. మాకు అలాగే ఒకాయన దొరికాడు. వయసు అరవై దాటింది, అందుకే ఆయనతో పాటు ఇద్దరు కుర్రాళ్ళని కూడా పెట్టుకున్నాం, వాళ్ళకి పని వస్తుందని.

పని ఎలా ఉంటుందంటే, రాళ్ళ సున్నం గోతిలో నీళ్ళు పోసి కరిగిస్తారు. అది సలసలా కాగుతుంది, పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వకండి, కళ్ళలో పడితే ప్రమాదం. వడకట్టి కొన్ని వారాలు నీళ్ళ కిందే ఉంచుతారు. సున్నంలో కలపడానికి పెరటి పక్కనే కరక్కాయ దంచి, బెల్లం వేసి నీళ్ళలో పది పదిహేను రోజులు ఊరబెడతారు. పుల్లటి వాసనొస్తుంది, మా ఇంట్లో రెండు కుండలు ఉంటే వీధంతా అడిగింది ఏమిటని. పూర్వం ఎద్దులు తిప్పే రాతి గానుగలో సున్నం, ఇసుక కలిపి నూరేవారు, అందుకే గానుగ సున్నం అన్నారు. ఇప్పుడు మోటారు గానుగ వాడుతున్నారు. ఒక వంతు సున్నానికి సుమారు మూడు వంతుల ఏటి ఇసుక.

ఇది సిమెంటులా పొద్దున వేస్తే సాయంత్రానికి గట్టిపడేది కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుంటూ మళ్ళీ సున్నపురాయిలా మారుతుంది. పూర్తిగా గట్టిపడడానికి నెలలు పడుతుంది. అందుకే పలచటి పొరలుగా వేయాలి, తడి గోనెపట్టాలు కప్పి ఎండకి ఆరిపోకుండా చూసుకోవాలి. వానల్లో వేస్తే పట్టదు. రోహిణి కార్తె ఎండల్లో వేస్తే ఆరి పగిలిపోతుంది. మన దగ్గర సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఉగాది దాకా దీనికి సరైన కాలం. ఖర్చు చూస్తే మాకు సిమెంటు పూతకి చెప్పిన రేటుకి దాదాపు రెండింతలైంది. ఎక్కువ భాగం కూలీకే పోయింది, సరుకుకి కాదు.

ఒక హెచ్చరిక. బాగుచేయించడం అంటే అన్నీ కొత్తవి పెట్టడం కాదు. మా వడ్రంగి దూలాలన్నీ మార్చేద్దామన్నాడు. ఒక్కో దూలాన్నీ సూదిలాంటి మేకుతో గుచ్చి చూశాం. గోడలోకి దిగిన చివరలు మాత్రమే మెత్తబడ్డాయి, నడుమంతా గట్టిగా ఉంది. పాడైన చివర కోసి కొత్త కర్ర అతికాం. ఎనిమిది దూలాల్లో పూర్తిగా మార్చింది రెండే. ఆ మిగిలిన ఆరే ఇంటి చరిత్ర. బాగుచేసిన ఇంటి విలువ కొత్తగా ఎంత పెట్టామన్న దాంట్లో కాదు, పాతది ఎంత మిగిల్చామన్న దాంట్లో ఉందని నాకు ఆ దూలాల దగ్గరే గట్టిగా అనిపించింది.

పని మొదలయ్యే ముందు ప్రతి గోడకీ ఫోటోలు తీయండి, వాసాలకి రంగుతో నెంబర్లు వేయండి. పగుళ్ళుంటే వాటి మీద అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి తేదీ రాయండి. కొన్ని నెలల తర్వాత గాజు విరిగితే ఆ పగులు ఇంకా కదులుతోందన్నమాట, అప్పుడు పూతకి ముందు పునాది సంగతి చూడాలి. విరగకపోతే ఎప్పుడో ఆగిపోయిన పగులు, టెన్షన్ అక్కర్లేదు.

ముందు పాతది, వెనక కొత్తది

చాలామందికి నేను చెప్పేది ఇదే. పాత ఇంట్లో అసలు ఇబ్బంది అంతా బాత్రూము, వంటగది, కారు పెట్టుకునే చోటు. వీటికోసమే మండువా మూసేస్తారు, గోడలు బద్దలు కొడతారు, అరుగు పగలగొట్టి గేటు పెడతారు. పెరట్లో దొడ్డి జాగా ఉంటే అక్కడ విడిగా రెండు గదులు, బాత్రూములు, వంటిల్లు కొత్త పద్ధతిలో కట్టుకోండి. పాత ఇంటికీ దానికీ మధ్య నాలుగడుగులైనా ఖాళీ వదలండి, కొత్త పునాది తవ్వకంలో పాత గోడ కదలకుండా ఉండాలి కదా. ముసలివాళ్ళకి రాత్రిపూట ఇబ్బంది లేకుండా మధ్యలో రేకుల కప్పు వేసుకోవచ్చు. ఇలా చేస్తే పాత ఇంట్లో నీళ్ళ పని దాదాపు ఉండదు, గోడలు పొడిగా ఉంటాయి.

దీనికి ఇష్టపడనివాళ్ళు చెప్పే అభ్యంతరం ఒకటుంది: ముందు పాతిల్లు, వెనక పెట్టెలాంటి కొత్తిల్లు చూడ్డానికి బావుండదని. నిజం చెప్పాలంటే, కొత్తదాన్ని పాతదానిలా నటింపజేయడం కన్నా ఇదే నయం. కొత్తది కొత్తదిలానే ఉండనివ్వండి, పాతదానికన్నా ఎత్తు పెరగకుండా చూసుకుంటే చాలు.

ఇల్లు ముఖలింగం, శాలిహుండం లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉంటే మాత్రం ఆగాలి. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఆ కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఉన్నదాన్ని బాగుచేసుకోవడానికి కూడా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు ఏది కట్టాలన్నా ముందుగా అనుమతి ఉండాలి. ఇది మీకు అడ్డంకిలా అనిపించవచ్చు, కానీ పక్కింట్లో మూడంతస్తులు లేవకుండా మీ ఇంటిని కాపాడేదీ ఇదే.

విప్పేయడం

గోడ బయటికి వంగిపోయి, పునాది కుంగి, చూసుకునే మనిషి లేక, వాటాదారులు ఎక్కువై ఎవరూ ఖర్చు పెట్టలేని స్థితి వస్తే విప్పేయడం తప్పు కాదు. మనుషుల ప్రాణం ముందు. అప్పుడు కూడా రాళ్ళని జేసీబీతో తోసేయించకండి, చేత్తో విప్పించండి. చెక్కిన తలుపులు, స్తంభాలు కొనడానికి వ్యాపారులు వెంటనే వస్తారు. వందేళ్ళు దాటిన చెక్కడపు పనికి 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, దేశం బయటికి పంపడం నేరం. ఎవరికమ్ముతున్నారో తెలుసుకుని అమ్మండి. ఇంకా మంచిదేమిటంటే ఆ ద్వారబంధాన్ని మీ కొత్తింటికే పెట్టుకోవడం.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల స్థలం ధరలు పెరిగి చాలామంది పాతిళ్ళు విప్పి స్థలంగా అమ్ముతున్నారు. డబ్బు అవసరం ఉంటే నేనేం అనలేను. స్థలం ధరకి ఆశపడే పని అయితే ఒక్క ఏడాది ఆగి ఆలోచించండి.

బాగుచేసిన ఇల్లు కొంటుంటే

ఇక్కడ మోసపోయే వీలు ఎక్కువ, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. రాతి గోడ కనిపించగానే పడిపోకండి. రాళ్ళ సందుల్ని చూడండి. చాలాచోట్ల సందుల మీద సిమెంటుతో ఉబ్బెత్తు గీతలు తీసి నల్లరంగు వేస్తారు, తాబేటి చిప్పలా కనిపిస్తుంది. అలా ఉంటే ఆ గోడ లోపల తేమ చిక్కుకునే ఉంటుంది. సున్నపు సందు అయితే రాయికన్నా కాస్త లోపలికి, తెల్లగా లేక ఇసుక రంగులో ఉంటుంది, గోరుతో గట్టిగా గీస్తే సన్నటి గీత పడుతుంది. పిడికిలితో గోడ తట్టండి, డబ్బాలా మోగితే పూత ఊడింది.

వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడకుండా బయానా ఇవ్వకండి. బాగుచేయక ముందు ఫోటోలు అడగండి. ఫోటోలు చూపించగలిగిన ఇంటికి, చూపించలేని ఇంటికన్నా నేను ఎక్కువ ధర ఇస్తాను. ఏది పాతది, ఏది కొత్తది అని యజమాని వేలు పెట్టి చూపించగలిగితే అది నిజాయితీ గల పని. అంతా పాతదే అని చెప్తే అనుమానించండి. కొన్నిచోట్ల ఇటుక గోడకి రాతి పలకలు అతికించి పాత ఇల్లని అమ్ముతున్నారు. కిటికీ పక్క గోడ మందం చూస్తే తెలిసిపోతుంది, అసలైన రాతి గోడ అడుగున్నరకి తక్కువ ఉండదు.

విజయనగరం గంట స్తంభాన్ని ఒక్కసారి ఈ కళ్ళతో చూడండి. 1885లో కట్టిన ఎనిమిది పలకల స్తంభం, 68 అడుగుల ఎత్తు, కట్టింది ఇసుకరాయితో. ఇప్పుడు మనకి కనిపించేది ఎరుపు, లేత పసుపు రంగులే. ఊరికి అదే గుర్తు, ఆ రంగులతోనే అందరి మనసులో ఉంది, అది నాకూ ఇష్టమే. కానీ ఆ రంగు కింద రాయి ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో ఎంతమంది చూశారు? మీరు కొనబోయే ఇంటి గోడనీ అదే అడగండి.

కప్పు విషయం కూడా చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు ఇళ్ళ కప్పులు ఎలా ఎగిరాయో మనకి గుర్తే. రేకు ఒకసారి లేస్తే మొత్తం పోతుంది, ఎదుటివాళ్ళకీ ప్రమాదం. పెంకు విడివిడిగా ఊడుతుంది, మళ్ళీ పెట్టుకోవచ్చు. చూరు వెంబడి మూడు వరసల పెంకుల్ని తీగతో బద్దీలకి కట్టించారా అని అడగండి. కట్టించకపోతే మీరు కట్టించుకోండి, అది ఒక్క రోజు పని.

మా ఇంటికి చివరికి అమ్మ మాట, పెద్దమావయ్య అవసరం రెండూ కలిపాం. ముందు భాగం సున్నంతో బాగుచేశాం, దొడ్లో రెండు గదులు, బాత్రూములు కొత్తగా కట్టాం. పెద్దమావయ్య పండక్కి వచ్చి కొత్త గదిలో ఏసీ వేసుకుని పడుకుంటారు, మధ్యాహ్నం మాత్రం మడత మంచం నట్టింట్లోకే తెచ్చుకుంటారు. కిటికీ కింద ఉప్పురిసిన రాళ్ళు మూడు మార్చాల్సి వచ్చింది. పక్క ఊళ్ళో కూలిపోయిన గోడ నుంచి అదే రకం రాయి తెచ్చాం. కొత్తగా పెట్టిన రాళ్ళ మీద ఉలి గీతలు లేవు, చూస్తే తెలుస్తుంది, అలాగే వదిలేశాం. తూర్పు గది కప్పు ఇంకా విప్పలేదు. దాని వాసాల మీద నెంబర్లు వేసి ఉన్నాయి, వచ్చే సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెడతాం.